శవం ఎక్కడి నుంచి వచ్చింది?

చిరంజీవి అమ్మాయికి,

నీ నవల మొదటి సగం అందింది. దాంతో పాటు రాసిన ఉత్తరం నిండా 'మేడమ్‌గారూ' అన్నావు. అక్కా అంటే చాలు.

శవాల ముక్కలతో ఒక ప్రాణిని తయారుచేసిన శాస్త్రవేత్త ఫ్రాంకెన్‌స్టైన్ కథని ఈ కాలానికి తిరిగి రాయాలన్నది మంచి కోరికే. మేరీ షెల్లీ రాసిన ఈ నవల మీదా, స్టీవెన్సన్ 'జెకిల్ అండ్ హైడ్' మీదా, వెల్స్ నవలల మీదా మన దేశంలో కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు కూడా. కానీ నువ్వు పంపిన పేజీల్లో తిరిగి రాసింది షెల్లీ నవలని కాదు, సినిమాని. ఉరుములు, మెరుపులు, గాజు గొట్టాల్లో బుడగలు, గూని సహాయకుడి స్థానంలో కళ్లజోడు పెట్టుకున్న ఒక ఇంటర్న్, ప్రాణం రాగానే డాక్టరు పడీపడీ నవ్వడం. 1818 నాటి పుస్తకంలో ప్రాణం పోసే చోట ఇవేవీ లేవు. సహాయకుణ్ని 1823లో లండన్‌లో వేసిన నాటకం చేర్చింది. మెరుపుల ల్యాబ్‌ని మన అందరి కళ్లలో ముద్ర వేసింది 1931 నాటి హాలీవుడ్ సినిమా. ఆ నాటకమే ఇంకో అన్యాయం కూడా చేసింది, ఆ ప్రాణిని మూగవాణ్ని చేసింది. నవలలో అతను అందరికంటే బాగా మాట్లాడేవాడు. ఒక పేద కుటుంబం ఇంటి పక్కన నక్కి, గోడ సందులోంచి చూస్తూ వింటూ భాష నేర్చుకుంటాడు, ఆంగ్ల కవి మిల్టన్‌ని చదువుతాడు, మంచుకొండ మీద తనని పుట్టించినవాడి ఎదుట నిలబడి 'నువ్వు చేసిన పనికి నీ బాధ్యత ఏది' అని నిలదీస్తాడు. నీ కథలో అతను పదిహేను పేజీల్లో గుర్రుమనడం తప్ప ఏమీ చేయలేదు. మూల పుస్తకం మొత్తం ఒకసారి చదువు. సంక్షిప్తాలు వద్దు.

ప్రాణం పోసే సీన్ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆగి చదువు. నవంబరు రాత్రి, ఒంటిగంట దాటింది, కిటికీ అద్దాల మీద వాన పడుతోంది, కొవ్వొత్తి అయిపోవస్తోంది, ఆ వెలుగులో పసుప్పచ్చటి కన్ను ఒకటి తెరుచుకుంటుంది. అంతే, ఒక్క పేరా. ఎలా చేశాడో ఆమె చెప్పదు, కథ చెప్పే శాస్త్రవేత్త విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ చేత కూడా చెప్పించదు. ఆ రోజుల్లో విద్యుత్తు ఇప్పటి జీన్ ఎడిటింగ్ అంత సంచలనం. 1803లో ఆల్దీనీ అనే ఇటలీ శాస్త్రవేత్త లండన్‌లో ఉరితీసిన మనిషి శవానికి కరెంటు పెట్టి దవడ కదిలించాడు. షెల్లీ తన 1831 ముందుమాటలో ఇలాంటి ప్రయోగాల ప్రస్తావన తెచ్చింది కూడా. అయినా సీన్‌లోకి యంత్రాన్ని రానివ్వలేదు. ఆమె దృష్టి తర్వాత జరిగే దాని మీద ఉంది. విక్టర్ చూడలేక గదిలోంచి బయటికి పోయి మంచం ఎక్కుతాడు. కళ్లు తెరిచేసరికి ఆ ప్రాణి దోమతెర ఎత్తినట్టు మంచం తెర ఎత్తి, ఏదో అనబోతూ చెయ్యి చాపుతుంది. అతను మెట్లు దిగి పారిపోతాడు. కన్నవాడు వదిలేసి పోవడమే కథ. నువ్వు జీన్లని కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతి గురించి పన్నెండు పేజీలు రాశావు. బాగా చదివి రాశావని తెలుస్తోంది. ఐదేళ్లకి అవి పాత పాఠ్యపుస్తకంలా ఉంటాయి. తీసేయ్.

ఇప్పుడు అసలు సంగతి. తొమ్మిదో పేజీలో 'డాక్టరుగారు శవాన్ని తెప్పించారు' అని ఒక్క ముక్కలో దాటేశావు. ఎక్కడి నుంచి? ఎవరు తెచ్చారు, ఏ బండిలో? రిజిస్టరులో ఏ పేరు రాశారు? కింద ఎవరు సంతకం పెట్టారు?

ఈ పాత కథల్ని మళ్లీ రాసి నిలబెట్టినవాళ్లలో ఎక్కువమంది సరిగ్గా ఈ తలుపులోంచే లోపలికి వెళ్లారని నా నమ్మకం. షెల్లీ దాన్ని కొంచెం తెరిచి వదిలేసింది. ఎముకల గది, కోత గది, కబేళా తనకి సరుకు ఇచ్చాయని విక్టర్ చెప్పి ముందుకు పోతాడు. నవల వచ్చిన పదేళ్లకి, 1828లో, ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు పదహారు మందిని చంపి శవాలని ఒక అనాటమీ డాక్టరుకి అమ్మారు. 1832లో బ్రిటన్ చట్టం తెచ్చింది. ఆ తర్వాత కోత బల్లల మీదికి వచ్చింది ఎక్కువగా వర్క్‌హౌస్ అనే పేదల ఆశ్రమాల్లో పోయిన పేదలు, అడిగేవాళ్లు లేనివాళ్లు. మన మెడికల్ కాలేజీలకీ ఎవరూ రాని శవాలు చట్టం ప్రకారమే వెళ్తాయి. అంటే భయం పెట్టేది ల్యాబ్ ఒక్కటే కాదు, ల్యాబ్ గేటు దాకా వచ్చే దారి కూడా.

ఇరాక్ రచయిత అహ్మద్ సాదావీ ఏం చేశాడో చూడు. 2013లో వచ్చిన 'ఫ్రాంకెన్‌స్టైన్ ఇన్ బాగ్దాద్' కథ 2005 ప్రాంతపు బాగ్దాద్‌లో జరుగుతుంది. అందులో శాస్త్రవేత్తే లేడు, ల్యాబూ లేదు. హాదీ అని పాత సామాన్లు కొని అమ్మేవాడు ఒకడుంటాడు. బాంబులు పేలిన చోట దొరికిన ముక్కలు తెచ్చి, కుట్టి, ఒక నిండు శవాన్ని చేస్తాడు. ఎందుకంటే ముక్కలని చెత్తలా చూస్తారు, నిండు శవమైతే మర్యాదగా పూడుస్తారు. ప్రాణం పోయాలన్న పిచ్చి అతనికి లేదు, అంత్యక్రియలు జరగాలన్న కోరిక ఉంది. పేలుడులో చనిపోయి తన శరీరం దొరకని ఒక హోటల్ కాపలాదారు ఆత్మ అందులో దూరుతుంది. ఆ వీధి ముసలావిడ యుద్ధంలో పోయిన తన కొడుకే తిరిగొచ్చాడనుకుంటుంది. ఇక లేచిన ప్రాణి ఒక్కో ముక్క ఎవరిదో వాళ్లని చంపినవాడి మీద పగ తీర్చుకుంటూ పోతుంది. పగ తీరిన ముక్క కుళ్లి రాలిపోతుంది. ఖాళీకి కొత్త ముక్క కావాలి. కొన్నాళ్లకి తన ఒంట్లో అమాయకుల మాంసం ఎంతో, హంతకుల మాంసం ఎంతో దానికే లెక్క తెలియదు. పాత కథలో కోత గది అని ఒక్క మాటతో పోయిన చోట సాదావీ ఒక నగరాన్ని పెట్టాడు. 2014లో అరబిక్ నవలలకిచ్చే అంతర్జాతీయ బహుమతి దానికి వచ్చింది.

వెల్స్ 1896లో రాసిన డాక్టర్ మోరోకి ఇంగ్లండు విడిచి పోవాల్సి వచ్చింది ఎందుకో గుర్తుందా? చర్మం ఒలిచిన కుక్క ఒకటి అతని ఇంట్లోంచి తప్పించుకుని బయటికొచ్చింది, పత్రికలు గోల చేశాయి. తర్వాత దీవిలో ఏళ్ల తరబడి జంతువుల్ని కోసి మనుషుల్లా మార్చే ప్రయోగాలు. డబ్బు ఎవరిచ్చారన్నది వెల్స్‌కి పెద్ద సంగతి కాదు. సిల్వియా మొరేనో-గార్సియా 2022 నవలలో ఆ ప్రశ్నే అడిగి, మోరోని మెక్సికోలోని యుకాతాన్‌కి మార్చింది. అక్కడ అతనికి పెట్టుబడి పెట్టేది ఒక భూస్వామి. అతనికి జ్ఞానం అక్కర్లేదు, ఎదురు తిరగని కూలీలు కావాలి. బయట మాయా అనే స్థానిక జాతి జనం తిరుగుబాటు నడుస్తోంది. ఇంతకంటే చెబితే నువ్వు చదవవు.

అలస్డేర్ గ్రే రాసిన 'పూర్ థింగ్స్' కూడా చదువు. నీళ్లలో పడి చనిపోయిన గర్భిణి శరీరానికి ఆమె కడుపులోని బిడ్డ మెదడు పెట్టి డాక్టర్ బాక్స్‌టర్ బెల్లాని తయారుచేశాడని ఆమె భర్త రాస్తాడు. పుస్తకం చివర ఆమె స్వయంగా ఉత్తరం రాసి, అదంతా మా ఆయన అల్లిన కట్టుకథ అంటుంది. 2023లో వచ్చిన సినిమాలో ఆ ఉత్తరం లేదు. అది లేకపోతే కథ సగమే అని నా గొడవ. సినిమాకి నాలుగు ఆస్కార్లు వచ్చాయి, నా గొడవ ఎవరు వింటారు!

ఇక నీ రెండో దారం. డాక్టరూ హంతకుడూ ఒకరేనని చివర్లో బయటపెట్టాలని పథకం వేశావు. 1886లో 'జెకిల్ అండ్ హైడ్' కొన్న పాఠకుడికి ఆ రహస్యం తెలియదు. ఇప్పుడు ఆ పుస్తకం తెరవని వాళ్లకి కూడా తెలుసు. దాచి లాభం లేదు, ముందే ఇచ్చెయ్, బరువు ఇంకో చోట పెట్టు. వాలరీ మార్టిన్ 1990లో 'మేరీ రైలీ' రాసినప్పుడు జెకిల్ ఇంట్లో పనిమనిషి చేత కథ చెప్పించింది. రహస్యం మనకి తెలుసు, ఆమెకి తెలియదు. ఆమె ఆ ల్యాబ్ వైపు నడిచిన ప్రతిసారీ టెన్షన్ మనది. 2020 నాటి 'ఇన్‌విజిబుల్ మ్యాన్' సినిమా చేసిందీ అలాంటిదే. కనిపించని శాస్త్రవేత్తని వదిలేసి, అతన్నుంచి పారిపోయిన ఆడమనిషి వెంట కెమెరా నడిచింది.

నీకు మాత్రమే దొరికే చోటు ఒకటుంది, అది స్టీవెన్సన్ పుస్తకంలోనే ఉంది. తనని హైడ్‌గా, మళ్లీ జెకిల్‌గా మార్చే మందు అయిపోవస్తే జెకిల్ తలుపు వేసుకుని లోపల ఉంటాడు. నౌకరు పూల్ వచ్చి వకీలు దగ్గర మొర పెట్టుకుంటాడు. వారమంతా ఇదే పని, తలుపు దగ్గర చీటీ పడేస్తారు, రోజుకి రెండు మూడు సార్లు ఊళ్లో ఉన్న మందుల టోకు వ్యాపారులందరి దగ్గరికీ పరుగెడతాను, సరుకు తెస్తాను, ఇది శుద్ధంగా లేదు, వాపసు ఇచ్చెయ్ అని ఇంకో చీటీ వస్తుంది అంటాడు. చివరి పత్రంలో జెకిల్ అసలు సంగతి రాస్తాడు. కొత్తవాటిలో లోపం లేదు, మొట్టమొదట కొన్న లవణమే కల్తీది, పనిచేసింది ఆ తెలియని మాలిన్యమే అని ఇప్పుడు నమ్ముతున్నానంటాడు. అది ఏమిటో అతనికి తెలియదు. మళ్లీ దొరకదు. మనిషి చావు ఒక బ్యాచ్ తేడా మీద ఆధారపడింది. మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే క్యూసీ విభాగంలో రోజూ ఇంప్యూరిటీలు, అంటే కల్తీలు లెక్కపెట్టే నీకు ఈ పేజీ చదివితే ముందు నవ్వొస్తుంది, తర్వాత చెమట పడుతుంది.

నువ్వు రాసిన వాటిలో నాలుగో అధ్యాయం ఒక్కటే నన్ను లేవనివ్వలేదు. ల్యాబ్‌లో నైట్ షిఫ్టు చేసే అనలిస్టు పిల్ల, ఏసీ చలి, మందులో ఏమేం కలిసున్నాయో చూపించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం గ్రాఫ్‌లో ఉండకూడని చోట చిన్న పీక్. సూపర్‌వైజర్ వచ్చి చూసి, 'శాంపిల్ మళ్లీ ఇంజెక్ట్ చెయ్యి' అని వెళ్లిపోతాడు. ఆ పిల్ల మళ్లీ చేస్తుంది. పీక్ మళ్లీ వస్తుంది. రిపోర్టు కింద అనలిస్టు సంతకం చేయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఇది నువ్వు చూసి రాశావు. మిగతాది విని రాశావు. ఆ పిల్లని ఐదో అధ్యాయం నుంచి మాయం చేశావెందుకు? నవల మొత్తం ఆమె చెప్పాలి.

డాక్టర్ని పిచ్చివాడిలా నవ్వించడం కూడా ఆపెయ్. విక్టర్ పిచ్చివాడు కాదు, పెద్దింటి బిడ్డ. అతని తమ్ముణ్ని చంపింది ఆ ప్రాణే అని అతనికి తెలుసు. నేరం జస్టీన్ అనే పనిపిల్ల మీద పడి, ఆమెని ఉరితీస్తుంటే నోరు విప్పడు. చెబితే నన్ను పిచ్చివాడంటారు అన్నది అతను తనకి తాను చెప్పుకున్న సాకు. నీ డాక్టరు కూడా అలా మర్యాదస్థుడిగా ఉండనీ. క్యాంటీన్‌లో అందరినీ పలకరించనీ, పండక్కి స్వీటు పంచనీ.

మన దగ్గర జరిగినది వాడుకోవచ్చా అని అడిగావు. వాడుకో, జాగ్రత్తగా. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి అధ్యయనం చేశారు. వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. కాబట్టి టీకా విషమని రాస్తే అది వాట్సాప్ ఫార్వర్డ్ అవుతుంది, నవల కాదు. నువ్వు చూడాల్సింది ఆ వార్డెన్ వైపు. సాయంత్రం, బల్ల మీద కాగితాల కట్ట, ఒక్కో పేరు కింద తన సంతకం. ఏం అనుకుంటూ పెట్టి ఉంటారు? బహుశా ఏమీ అనుకోలేదేమో, అన్నం గంట కొట్టే టైమైందేమో. నీ పిల్ల ముందున్న ఖాళీ గడి దగ్గరికి ఇది నిన్ను తీసుకెళ్తుంది.

నువ్వు పనిచేసే కంపెనీ ఆనవాళ్లు మాత్రం పూర్తిగా మార్చెయ్. ఊరు, మందు పేరు, షిఫ్టు టైమింగులు, అన్నీ. నవల అచ్చయ్యాక కూడా నీకు జీతం రావాలి కదా.

నాలుగో అధ్యాయాన్ని మొదటిది చేసి, ఆ పిల్ల గొంతుతో ఇంకో రెండు అధ్యాయాలు రాసి పంపు. సంక్రాంతి దాకా ఇంటినిండా చుట్టాలే, ఆ తర్వాత పంపితే కుదురుగా చదువుతాను. ఫాంటు కాస్త పెద్దది పెట్టు, కళ్లు లాగుతున్నాయి.

ఆశీస్సులతో,
అక్క