కస్టమర్లకి లాగిన్లే లేని సైటుని ఎక్స్‌ఎస్‌ఎస్ ఏం చేస్తుంది?

మీ చీరల షాపు సైటులో అదనపు హంగుగా తగిలించుకున్న ఉచిత రివ్యూ ప్లగిన్‌లో ఎక్స్‌ఎస్‌ఎస్ లోపం (బయటివాళ్లు పేజీలో తమ కోడ్ దూర్చి, దాన్ని తెరిచినవాళ్ల బ్రౌజరులో నడిపించగలిగే లోపం) ఉందని తెలిసింది, కస్టమర్లకి లాగిన్లు లేవు, కార్డు చెల్లింపులు లేవు, అయినా పట్టించుకోవాలా అని అడిగారు. పట్టించుకోవాలి, అదీ ఈరోజే. కస్టమర్లకి లాగిన్ లేకపోయినా మీకు ఉంది కదా. దాడి చేసేవాళ్లకి కావలసింది అదే.

నేను శ్రీకాకుళంలో ఉంటూ చిన్న వ్యాపారాలకి వర్డ్‌ప్రెస్ సైట్లు చేస్తాను. వర్డ్‌ప్రెస్ అంటే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్. పలాసలో ఒక జీడిపప్పు షావుకారు గారికి చేసింది కూడా మీ సైటు లాంటిదే. రకాలు, ధరలు, అడుగున ఒక ఎంక్వయిరీ ఫారం. ఫారం కోసం ఒక ఉచిత ప్లగిన్ వేశాను. ఎవరు ఏం అడిగారో ఆయన రోజూ ఫోన్‌లోనే అడ్మిన్ పేజీ తెరిచి చూసుకునేవారు.

దసరా ఆర్డర్లు మొదలయ్యే రోజుల్లో ఒక పొద్దున్నే ఫోన్ చేశారు. "బాబూ, బరంపురం పార్టీ మన సైటు తీత్తే లాటరీ వచ్చిందట. ఏటిది? నాను తీత్తే బాగానే వత్తంది." నేను తీసినా బాగానే వచ్చింది. లాప్‌టాప్‌లో చూశాను, ఫోన్‌లో చూశాను. ఆ పార్టీ వేరే సైటేదో తెరిచి ఉంటాడని చెప్పేశాను. తప్పు నాదే. రెండు రోజులయ్యాక ఆయన మేనల్లుడు గూగుల్‌లో వెతికి, అక్కడి లింకు నొక్కి, స్క్రీన్ రికార్డు చేసి పంపాడు. గూగుల్ నుంచి, అదీ ఫోన్‌లో వచ్చినవాళ్లని మాత్రమే లాటరీ పేజీకి మళ్లిస్తోంది. అడ్రసు టైపు చేసి వచ్చే యజమానికి ఎప్పటికీ కనపడదు. కావాలనే అలా రాస్తారు.

అడ్మిన్‌ల జాబితా తీస్తే ఇద్దరు ఉండాల్సిన చోట ముగ్గురున్నారు. డేటాబేసులో ఎంక్వయిరీల టేబుల్ తెరిచాను. వరసగా పేర్లు, ఊళ్లు, "డబ్ల్యూ 240, ఐదు కిలోలు", "బద్ద, పది కిలోలు". మధ్యలో ఒక వరసలో పేరు గడిలో పేరు లేదు. కోణపు బ్రాకెట్ల మధ్య స్క్రిప్ట్ అన్న మాట, పక్కనే ఎక్కడిదో ఒక జావాస్క్రిప్ట్ ఫైలు అడ్రసు. ఫోన్ నంబరు గడిలో పది ఒకట్లు.

పేరు రాయమంటే కోడ్ రాసి పంపారన్నమాట. ప్లగిన్ దాన్ని ఎస్కేప్ చేయకుండా, అంటే కోడ్‌ని ఉత్త అక్షరాలుగా మార్చకుండా, ఉన్నదున్నట్టు అడ్మిన్ పేజీలో పెట్టింది. షావుకారు గారు రోజూ లాగే ఎంక్వయిరీలు తెరిచేసరికి బ్రౌజరు దాన్ని పేరుగా చూపించకుండా కోడ్‌గా నడిపేసింది. అప్పటికే ఆయన అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్నారు, ఆ అధికారంతోనే కొత్త అడ్మిన్ పుట్టుకొచ్చాడు. ఆయన ఏ లింకూ నొక్కలేదు, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. కుకీకి (లాగిన్ గుర్తుగా బ్రౌజరు దాచుకునే చిన్న ముక్క) హెచ్‌టీటీపీ ఓన్లీ (స్క్రిప్టులు దాన్ని చదవకుండా ఆపే ఏర్పాటు) ఉంటే భయం లేదని కొందరంటారు. ఇక్కడ కుకీ దొంగిలించే పనే లేదు. ఆ బ్రౌజరు నుంచే రిక్వెస్టు వెళితే కుకీ దానంతటదే వెంట వెళుతుంది.

ఇదంతా చెబితే షావుకారు గారు కాసేపు ఆలోచించి, "అంటే పప్పు ఏరకుండా డబ్బాలో పోసీసినాడా?" అన్నారు. అంతే బాబాయ్ అన్నాను.

నాకు ఇప్పటికీ మండే సంగతి ఇంకొకటి ఉంది. ఆ సైటు డాష్‌బోర్డు నేను నెలనెలా చూసేవాణ్ని. ఆ ప్లగిన్‌కి అప్‌డేట్లు లేవంటే బాగున్నట్టే అనుకున్నాను. చూస్తే దాన్ని వర్డ్‌ప్రెస్ వాళ్ల అధికారిక ప్లగిన్ల జాబితా అయిన డైరెక్టరీ నుంచి ఎప్పుడో తీసేశారు. ఆ ముక్క డాష్‌బోర్డులో ఎక్కడా రాలేదు. వాడుతున్నవాడికి చెప్పకుండా తీసేస్తే తీసేసి ఏం లాభం? 2019లో యూజో రిలేటెడ్ పోస్ట్స్ అనే ప్లగిన్ 60 వేలకి పైగా సైట్లలో ఉండగా మార్చి 30న డైరెక్టరీ నుంచి తీశారు. ఏప్రిల్‌లో దాడులు. దాని మూలం చూడండి: వర్డ్‌ప్రెస్‌లో ఈజ్ అడ్మిన్ అనే ఫంక్షన్ ఉంది. వచ్చినవాడు అడ్మినా కాదా అని చూస్తుందనుకుంటాం. అది చూసేది తెరిచిన పేజీ అడ్మిన్ వైపుదా కాదా అని మాత్రమే. దాన్ని నమ్ముకుని సెట్టింగులు వదిలేశారు, లాగిన్ లేనివాళ్లు కూడా వాటిలో స్క్రిప్టులు పెట్టేశారు.

లక్షల మంది వాడుతున్నారు కదా అన్న ధైర్యం కూడా వద్దు. అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ 20 లక్షలకి పైగా సైట్లలో ఉంది, 2023లో దాంట్లోనూ ఎక్స్‌ఎస్‌ఎస్ బయటపడింది. కాకపోతే దాన్ని సరిచేసే మనుషులు ఉన్నారు, వెంటనే చేశారు. అందుకే నేను నక్షత్రాలు చూడను, చివరి అప్‌డేట్ తేదీ చూస్తాను. ఏడాది దాటిందంటే వెయ్యను. మా వైపు మరో బాధ ఏమిటంటే, సైటు చేసేశాక చూసుకోవడానికి ఏడాదికి ఇంత ఇవ్వండి అంటే ఎవరూ ఒప్పుకోరు. షాపు షట్టరుకి ఏటేటా గ్రీజు పెట్టించే మనిషి కూడా సైటుకి మళ్లీ డబ్బులెందుకంటాడు.

ఇక మీ సంగతికి వస్తే, సరిచేసిన వెర్షన్ వచ్చి ఉంటే ఇప్పుడే వేయండి. రాకపోతే ప్లగిన్‌ని డీయాక్టివేట్ చేసి వదలకండి, డిలీట్ చేయండి, లేకపోతే ఫైళ్లు సర్వర్లోనే ఉండిపోతాయి. అడ్మిన్‌ల జాబితా చూడండి, పాస్‌వర్డ్‌లు మార్చండి, ఫోన్‌లో గూగుల్ నుంచి మీ సైటు తెరిచి చూడండి. రోజువారీ పనికి ఎడిటర్ లాగిన్ పెట్టుకోండి. ఎడిటర్‌కి కొత్త అడ్మిన్‌ని చేర్చే అధికారం ఉండదు, ఆయన వేషంలో నడిచే కోడ్‌కీ ఉండదు.

షావుకారు గారికి ఇప్పుడు ఉన్నది ఎడిటర్ లాగినే. ఫారం తీసేసి ఆ చోట వాట్సాప్ నంబరు పెట్టాం. ఎంక్వయిరీలు ఏమీ తగ్గలేదు.