ఆర్‌ఏ వచ్చాక ఇంట్లో ఎవరికీ నా బాధ అర్థం కావట్లేదు, నా మీద నాకే కోపం వస్తోంది, ఎలా తట్టుకోవాలి?

మీరు రాసింది మొత్తం చదివానండి. చిన్న వయసులోనే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (ఆర్‌ఏ, మన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీద దాడి చేసే జబ్బు) అని తేలిందని, ఇంట్లో వాళ్లేమో "చూడ్డానికి బానే ఉన్నావుగా" అంటున్నారని, మొన్న స్కూల్ టైమ్‌కి బాబు షర్టుకి గుండీలు పెట్టలేక ఏడ్చేశానని, నేనెందుకూ పనికిరాననిపిస్తోందని, ఏడాదిగా చెప్తున్నా మీ ఆయనకీ అర్థం కావట్లేదు ఏం చెయ్యాలని రాశారు. నాకూ ఇదే జబ్బు, చాలా ఏళ్లయింది. నేను డాక్టర్ని కాదు, మందుల సంగతులు మాత్రం మీ డాక్టర్‌నే అడగండి.

ముందు ఆ దిగులు సంగతి. అదంతా మీ మనసు గట్టిది కాకపోవడం వల్ల వస్తోందనుకోకండి. ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు, మంట) ఎక్కువున్న రోజుల్లో కీళ్లొక్కటే కాదు, ఒళ్లంతా పీల్చేసినట్టు నీరసం, మూడ్ కూడా కిందకి పోతుంది. ఫ్లేర్ వచ్చిందని, అంటే జబ్బు ఒక్కసారిగా ఎక్కువైందని, స్టెరాయిడ్ రాస్తే కొంతమందికి రాత్రి నిద్ర పట్టదు, చిన్నదానికే చిర్రెత్తుకొస్తుంది. ఈ జబ్బుకి రాసే మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటే చాలామందికి మర్నాడు వికారం, తల దిమ్ము. నేను ఆ మాత్ర ఆదివారం రాత్రి వేసుకునేదాన్ని, సోమవారం ఆఫీసులో ఎవరు కొంచెం గట్టిగా మాట్లాడినా కళ్లల్లో నీళ్లు తిరిగేవి, డాక్టర్ గారిని అడిగి శుక్రవారానికి మార్చుకున్నాక శనివారం మంచమ్మీద పడి ఉన్నా ఎవరికీ లెక్క చెప్పక్కర్లేకపోయింది, సగం ఏడుపులు అక్కడే తగ్గాయి. అన్నట్టు అది వారానికి ఒక్కసారే వేసుకునే మాత్ర, రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది, అందుకే స్ట్రిప్ మీద వేసుకునే రోజు పేరు మార్కర్‌తో రాసుకోండి.

ఇక "బానే ఉన్నావుగా" అనేవాళ్లు. ఈ జబ్బులో పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయి కదా, గంటో రెండు గంటలో పట్టు వదలదు, పదయ్యేసరికి అదే చెయ్యి కూరగాయలు తరుగుతుంది. పది గంటలకి చూసినవాళ్లకి ఆరు గంటల మనిషి నటించినట్టే కనిపిస్తుంది. మా అత్తయ్యా నన్ను అదే మాట అనేది. చెడ్డావిడ కాదు, ఆవిడకి కనబడింది ఆవిడ అంది. నేను తెలుసుకుంది ఏంటంటే, నొప్పిగా ఉంది అని చెప్తే మనుషులకి ఏం చెయ్యాలో తెలీదు, అయ్యో అని ఊరుకుంటారు లేదా ఓ సలహా పడేస్తారు. పని పేరు చెప్తే మాత్రం చేస్తారు. "అత్తయ్యా, పొద్దున కుక్కర్ మూత మీరు పెట్టండి, చపాతీ పిండి ఆయన కలుపుతారు, పోపు, పాలు నేను చూసుకుంటా" అని ఓ రోజు కూచోబెట్టి చెప్పేశా. మొదట్లో ముఖం ముడుచుకుంది, తర్వాత అలవాటైపోయింది. ఆ ఏడు సంక్రాంతికి బొటనవేలు చూపుడువేలు దగ్గరకి రాక ముగ్గు పిండి ధార పడట్లేదు, నేను వాకిట్లో అలాగే నిలబడిపోతే ఆవిడే గిన్నె లాక్కుని "నువ్వు కుర్చీ వేసుక్కూచుని చుక్కలు చెప్పవే, నేను పెడతా" అంది. 15 చుక్కలు, 8 దాకా సందు చుక్క. కళ్లు కనపడక రెండు వరసలు వంకర పెట్టింది, వీధిలో అందరికీ మాత్రం మా ఇద్దరి ముగ్గనే చెప్పుకుంది.

చుట్టాల సలహాలు వేరే సంగతి. వంకాయ మానెయ్, ఇంగ్లీషు మందులు ఆపి ఫలానా కషాయం తాగు, పాజిటివ్‌గా ఉండు అని వాట్సాప్‌లో సూర్యోదయం బొమ్మ. ఆ పాజిటివ్ మాట నాకు అస్సలు పడదు, నొప్పికి తోడు నవ్వుమొహం డ్యూటీ కూడా మన మీదే పడుతుంది. "మా డాక్టర్‌ని అడిగి చూస్తానండి" అనేసి టాపిక్ మార్చెయ్యండి, మందులు మాత్రం ఎవరి మాట విని ఆపకండి, ఒకసారి దెబ్బతిన్న కీలు మళ్లీ మామూలుగా అవ్వదు.

మన మీద మనకి దయ అనేదాని మీద క్రిస్టిన్ నెఫ్ అనే అమెరికా సైకాలజిస్ట్ 2003లో రాసింది. మనతో మనం మెత్తగా మాట్లాడ్డం, ఇది మనొక్కళ్లకే కాదని గుర్తుంచుకోవడం, బాధని దాచకుండా పెంచకుండా ఉన్నదున్నట్టు చూడ్డం, ఈ మూడూ అందులో ఉంటాయి. నాకు రెండోదే బాగా పనిచేసింది. రుమటాలజీ (కీళ్లవాతం డాక్టర్ల) ఓపీ దగ్గర బెంచీ మీద వెయిట్ చేస్తుంటే పక్కనావిడ నా వేళ్లు చూసి "మీక్కూడా పొద్దున పేస్టు మూత రాదా?" అంది. నేను పళ్లతో తీస్తానన్నా, ఆవిడ అసలు మూతే పెట్టడం మానేశానంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఇంట్లో ఎంత ప్రేమగా చూసినా ఆ నవ్వు దొరకదు, అందుకే ఇదే జబ్బున్న మనిషి ఒక్కరైనా ఫోన్‌లో ఉండాలంటాను. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు మీరే పలకరించండి.

మొదటిది, మనతో మనం మెత్తగా మాట్లాడ్డం, నాకు కష్టమే, ఇప్పటికీ. నేను చేసేది ఒకటే, తిట్టుకోబోయే మాటని మా చెల్లితో అంటానా అని చూసుకుంటా. మీ చెల్లి గుండీ పెట్టలేకపోతే పనికిరానిదానివి అంటారా? "టీషర్టు తొడిగి పంపెయ్యవే" అంటారు. యూనిఫామ్ కాబట్టి కుదరదంటారా, టైలర్‌కిస్తే గుండీల కింద వెల్‌క్రో కుట్టి పైన గుండీలు ఉత్తినే ఉంచుతాడు.

ఏడుపు రోజుల తరబడి ఆగకపోయినా, బతకడం ఎందుకు అనిపించినా మాత్రం ఒంటరిగా మోయకండి, ఇంట్లో ఒకరికి వెంటనే చెప్పండి, 14416కి కాల్ చెయ్యండి. అది మానసిక బాధల కోసం ప్రభుత్వం 2022లో పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, రాత్రైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ రుమటాలజిస్ట్‌కి కూడా దిగులు సంగతి చెప్పండి, కీళ్ల గురించే అడగాలని రూలేం లేదు.

మీ ఆయన గురించి కూడా అడిగారు కదా. వచ్చే చెకప్‌కి ఆయన్ని బయట కూచోబెట్టకుండా లోపలికి తీసుకెళ్లండి, "పొద్దున పూట ఈమెకి ఎందుకలా అవుతుంది" అని ఆయన్నే అడగమనండి. మీరు ఏడాదిగా చెప్తున్నదే డాక్టర్ గారూ చెప్తారు, కానీ అక్కడ ఆయన వింటారు.