ప్రభుత్వ ఉద్యోగం చేసేవాళ్లకు తెలుగులో ఎన్ని మాటలు? ఏది ఎక్కడ వాడాలి?

మీరు అడిగింది ఇది: ఉద్యోగి, అధికారి, సిబ్బంది, పబ్లిక్ సర్వెంట్, ఎన్జీవో, వీటిలో ఎవరిని ఏమనాలి, దరఖాస్తులో ఏది రాయాలి? నేను రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. నన్ను పిలిచిన మాటలు, నేను పిలిచిన మాటలు గుర్తున్నంత వరకు చెప్తాను.

ప్రభుత్వ ఉద్యోగి అంటే ఎక్కడా ఇబ్బంది లేదు. చీఫ్ సెక్రటరీ నుంచి ఆఫీస్ సబార్డినేట్ దాకా అందరూ అందులోకి వస్తారు. పేపర్ల వాళ్లకు హెడ్డింగులో చోటు సరిపోదు కాబట్టి ‘సర్కారు కొలువు’ అంటారు. మామూలుగా మాట్లాడేటప్పుడు మాత్రం ‘కొలువు చేస్తున్నా’ అని ఎవరూ అనరు, ఎకసెక్కానికి తప్ప.

అధికారికీ సిబ్బందికీ మధ్య గీత ఉంది. ‘అధికారులు, సిబ్బంది పాల్గొన్నారు’ అని ప్రెస్ నోట్ రాసేటప్పుడు ఎవరిని ఏ వైపు వేయాలో మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆర్డర్ మీద సంతకం పెట్టేవాళ్లు అటు, ఆ ఆర్డర్ తయారుచేసేవాళ్లు ఇటు. కాగితం మీద ఆ తేడా గెజిటెడ్, నాన్ గెజిటెడ్ అని ఉంటుంది. గెజిటెడ్ అంటే నియామకం ప్రభుత్వ గెజెట్‌లో అచ్చయ్యే హోదా. స్వయంగా ధ్రువీకరించుకునే పద్ధతి రాకముందు పిల్లలు సర్టిఫికెట్ల కట్టలు పట్టుకుని మా ఆఫీసుకి వచ్చేవాళ్లు. ‘నేను గెజిటెడ్ కాదమ్మా, తహశీల్దారు గారు వచ్చేదాకా కూర్చో’ అంటే, ఇంత పెద్ద ఆఫీసులో ఉండి సంతకం పెట్టలేరా అన్నట్టు చూసేవాళ్లు.

ఎన్జీవో గందరగోళం ఇక్కడిదే. ఈ కాలం పిల్లలకు ఎన్జీవో అంటే స్వచ్ఛంద సంస్థ. ఆఫీసుల్లో మాత్రం నాన్ గెజిటెడ్ ఉద్యోగి. చాలా ఊళ్లలో ఉన్న ఎన్జీవో కాలనీలు వీళ్లు ఇళ్లు కట్టుకున్నవే. 2011 సకల జనుల సమ్మెలో టీఎన్జీవోలు, 2013 సమైక్యాంధ్ర ఉద్యమంలో ఏపీఎన్జీవోలు అని చదివినప్పుడు స్వచ్ఛంద సంస్థలు అనుకోకండి.

ఆఫీసు లోపల ఈ హోదాలు కూడా పెద్దగా వినపడవు. అక్కడ మనిషికి సీటే పేరు, అంటే సెక్షన్ అక్షరం, సీటు నంబరు. ‘ఆ ఫైలు సి-3 దగ్గర ఆగింది’, ‘బి-2 ఈరోజు సెలవు’. ట్రాన్స్‌ఫరై కొత్తవాళ్లు వచ్చినా వాళ్లూ బి-2నే. పాతవాళ్లయితే ఇప్పటికీ యూడీసీ (అప్పర్ డివిజన్ క్లర్కు), ఎల్డీసీ (లోయర్ డివిజన్ క్లర్కు) అంటారు. ఆ పోస్టులు సీనియర్ అసిస్టెంట్, జూనియర్ అసిస్టెంట్ అయి చాలా కాలమైంది. గుమాస్తా అన్న మాట మాత్రం ఆఫీసుల్లోంచి పోయి ప్లీడర్ల దగ్గర, షావుకార్ల దగ్గర మిగిలింది.

జనం నోట్లో పాత మాటలు ఇంకా గట్టివి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఊళ్లలో భూమి లెక్కలు, శిస్తు చూసే కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేసింది. తర్వాత వీఏవోలు (గ్రామ పరిపాలన అధికారులు) వచ్చారు, వీఆర్వోలు (గ్రామ రెవెన్యూ అధికారులు) వచ్చారు. అయినా కోస్తా ఊళ్లలో ముసలివాళ్లకు వీఆర్వో ‘మా కరణం గారే’. తెలంగాణలో ఆ మాట పట్వారీ, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ని గిర్దావర్ అంటారు. 2020లో తెలంగాణ వీఆర్వో పోస్టునే తీసేసింది, పట్వారీ అన్న మాటను తీసేయడం ఏ జీవో వల్లా కాలేదు. ఇంకో తమాషా చూడండి: 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు తహశీల్దారు ఎమ్మార్వో (మండల రెవెన్యూ అధికారి) అయ్యాడు. తర్వాత ప్రభుత్వమే మళ్లీ తహశీల్దారు అని బోర్డు మార్చింది. జనం మాత్రం ఎమ్మార్వో ఆఫీసు దగ్గరే ఆగిపోయారు.

నౌకరు దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త. నేను కోస్తా నుంచి హైదరాబాద్‌లోని శాఖాధిపతి కార్యాలయానికి వచ్చిన కొత్తలో పక్కింటి పెద్దాయన ‘నౌకరీ ఎక్కడ బిడ్డా?’ అని అడిగితే ఒక్క క్షణం చురుక్కుమంది. మా వైపు నౌకరు అంటే ఇంట్లో పనివాడు. తెలంగాణలో నౌకరీ అంటే శుభ్రంగా ఉద్యోగమే, సర్కారు నౌకరీ అంటే గౌరవమే. అటు గౌరవమైన మాటే ఇటు ఎవరికైనా రాస్తే తిట్టినట్టు అవుతుంది.

బంట్రోతు, ప్యూను అనడం మానేయండి. ఒకప్పుడు నడుము పట్టీకి ఇత్తడి బిళ్ల ఉండేది కాబట్టి బిళ్ల బంట్రోతు అనేవాళ్లు. ఇప్పుడు ఆఫీస్ సబార్డినేట్ అనే పేరుంది, మాటల్లో అటెండర్ అంటే చాలు. కలెక్టర్ల దగ్గర డఫేదారు, సర్వే వాళ్ల దగ్గర చైన్‌మన్ మాత్రం పని పేర్లు, వాటిలో చిన్నచూపు లేదు.

పబ్లిక్ సర్వెంట్ చట్టం మాట. దీని నిర్వచనం ఒకప్పుడు 1860 నాటి శిక్షాస్మృతి 21వ సెక్షన్‌లో ఉండేది. 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ, 1988 అవినీతి నిరోధక చట్టంలోనూ ఇప్పుడు ఉంది. ఇది ప్రభుత్వ ఉద్యోగి కంటే చాలా పెద్ద గొడుగు. జడ్జీలు, ప్రభుత్వ కార్పొరేషన్ల ఉద్యోగులు ఇందులో ఉన్నారు. అవినీతి కేసుల వరకు ఎమ్మెల్యేలు, ఎంపీలూ వస్తారు. ప్రభుత్వ ఉద్యోగి ప్రతివాడూ పబ్లిక్ సర్వెంటే కానీ, పబ్లిక్ సర్వెంట్లందరూ ప్రభుత్వ ఉద్యోగులు కారు. నాయకులు తమను తాము ‘ప్రజా సేవకుడిని’ అనుకోవడం వేరే సంగతి, అది ఫ్లెక్సీల భాష.

దరఖాస్తులో చిక్కు వచ్చేది ఇక్కడే. ప్రభుత్వ బ్యాంకులో పనిచేసేవారు ‘ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగి’ అని రాయాలి. ఆర్టీసీ వాళ్ల సంగతి ఏ రాష్ట్రం అన్నదాన్ని బట్టి ఉంటుంది: ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి వాళ్లు ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వ ఉద్యోగులు, అంతకు ముందు కార్పొరేషన్ ఉద్యోగులు.

అన్నిటికంటే ఎక్కువ గొడవలు ఔట్‌సోర్సింగ్ దగ్గర చూశాను. అదే ఆఫీసు, అదే కంప్యూటర్, కొన్నిసార్లు రెట్టింపు పని. జీతం మాత్రం ఏజెన్సీ ద్వారా వస్తుంది, అదీ నెలలు ఆలస్యంగా. పెళ్లి సంబంధాల్లో మధ్యవర్తి ‘అబ్బాయి కలెక్టరేట్‌లో గవర్నమెంట్ జాబ్’ అంటాడు. మా చుట్టాల్లో అలాంటి సంబంధం వస్తే నన్ను కనుక్కోమన్నారు. నేను అడిగింది ఒక్కటే: ‘ఎస్ఆర్ తెరిచారా?’ సర్వీస్ రిజిస్టర్ లేకపోతే రెగ్యులర్ కాదు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, అడిగిన వెంటనే ఉన్నదున్నట్టు చెప్పాడు. అబద్ధం మధ్యవర్తిది.

మీరు కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ అయితే ఫారంలో ఆ మాటే రాసి, పక్కన శాఖ పేరు పెట్టండి. ‘ప్రభుత్వ ఉద్యోగి’ అని టిక్ పెడితే రేషన్ కార్డు దగ్గర, పథకాల దగ్గర కంప్యూటర్ మిమ్మల్ని అనర్హులని పక్కన పెట్టొచ్చు. తర్వాత కాదని నిరూపించుకోవడానికి మళ్లీ మా ఆఫీసుల చుట్టూనే తిరగాలి.