ఆకలి వేరు, యావ వేరు, రుచి వేరు

తమ్ముడూ,

ఆకలి గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బావుంది. నా మొదటి పేచీ ఈ వాక్యంతో: "ఇష్టమైనది తినగానే మెదడులో ఆనంద రసాయనం డోపమైన్ విడుదలవుతుంది." అరిగిపోయిన మాట ఇది, పైగా డోపమైన్‌ని ఆనంద రసాయనం అనడం తప్పు.

నాడీ శాస్త్రవేత్త కెంట్ బెర్రిడ్జ్ బృందం ఎలుకల మెదడులో డోపమైన్ నాడులను దాదాపు పూర్తిగా చంపి చూసింది. ఆ ఎలుకలు తిండి ముట్టవు. ముందు గిన్నె ఉన్నా అంతే, గొట్టంతో తిండి పట్టిస్తే తప్ప బతకవు. కానీ నాలుక మీద చక్కెర నీటి చుక్క వేస్తే మామూలు ఎలుకల్లాగే మూతి నాకుతాయి. చేదు వేస్తే వికారంగా నోరు వెళ్లబెడతాయి. తీపి తీపిగానే ఉందన్నమాట. పోయింది దాని కోసం లేచి వెళ్లే యావ. ఇంగ్లీషువాళ్లు ఈ తేడా చెప్పడానికి వాంటింగ్ (కోరడం), లైకింగ్ (ఇష్టపడడం) అనే మామూలు మాటలకే కొటేషన్లు తగిలించుకోవాల్సి వచ్చింది. కడుపు నిండినా బొబ్బట్టు మీదికి చెయ్యి పోతే "వీడికి యావ తీరలేదు" అనే భాష మనది. ఆ మాట వాడుకో.

డోపమైన్ కణాలకు ఇంకో గుణం ఉంది. వుల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు పళ్లరసం చుక్కలిచ్చి చూశాడు. మొదట్లో రసం అందినప్పుడు కణాలు జోరుగా స్పందించాయి. రసానికి ముందు దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక, ఆ జోరు దీపం దగ్గరికి జరిగింది. రసం అందినప్పుడు మామూలుగానే ఉన్నాయి. దీపం వెలిగినా రసం రాకపోతే, సరిగ్గా అది రావాల్సిన క్షణానికి కణాల చప్పుడు మామూలుకన్నా తగ్గింది. అవి కొలిచేది రుచిని కాదు, అనుకున్నదానికీ అందినదానికీ మధ్య తేడాని. మిఠాయి కొట్టు బోర్డు చూడగానే నోరూరడం గురించి రాసేటప్పుడు నీకు పనికొచ్చేది ఇదే.

ఇక ఆకలి. మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న ప్రాంతం ఉంది. దాని అడుగున ఏజీఆర్‌పీ అనే నాడీకణాల గుంపు ఉంటుంది. 2011లో చిట్టెలుకల్లో ఆ కణాలను కాంతితో రేపితే, కడుపు నిండినవి కూడా నిమిషాల్లో తిండికి ఎగబడ్డాయి. "కడుపు నిండేదాకా ఈ కణాలు మోగుతూనే ఉంటాయి" అని రాశావు. కాదు. 2015లో జాకరీ నైట్ బృందం చూపించింది: ఆకలిగొన్న చిట్టెలుక ముందు తిండి పెట్టిన క్షణాల్లోనే, మొదటి కొరుకు పడకముందే, ఈ కణాలు చల్లబడతాయి. తిననివ్వకుండా తిండి తీసేస్తే మళ్లీ రేగుతాయి. కంచంలో వడ్డన చూసి స్థిమితపడి, విస్తరి లేపేస్తే మండిపడే మనిషిలా ఉంది కదూ! కానీ ఆ పోలిక దగ్గరే ఆగు. ప్రయోగం చిట్టెలుక మీద జరిగితే చిట్టెలుక అనే రాయి, "మనలో" అని జారిపోకు.

అందుకే ప్రతి సంకేతం పక్కనా దాని కాలం రాసుకో. చూపు, వాసన పనిచేసేది క్షణాల్లో. పేగు నుంచి మెదడుకు వేగస్ నాడి మోసుకెళ్లే కబురు నిమిషాల్లో. కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్‌ది గంటలూ రోజుల లెక్క. వీటిని కలిపేస్తే "లెప్టిన్ పెరిగి భోజనం ఆపేస్తాం" లాంటి వాక్యాలు పుడతాయి. లెప్టిన్ జన్యువు 1994లో దొరికినప్పుడు స్థూలకాయానికి మందు దొరికిందనుకున్నారు. తీరా చూస్తే లావుగా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి లెప్టిన్ కొరత లేదు, ఎక్కువే ఉంది. మెదడే దాన్ని సరిగ్గా పట్టించుకోవడం లేదు. పుట్టుకతో అది లేని అరుదైన పిల్లలకు మాత్రం ఇంజెక్షన్ బాగా పనిచేసింది.

చివరిగా, నువ్వు వాడిన "ఆకలి కేంద్రం" అన్న మాట. 1951లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో బాల్ క్రిషన్ ఆనంద్, జాన్ బ్రోబెక్ ఎలుకల హైపోథాలమస్‌లో పక్కభాగాన్ని దెబ్బతీస్తే అవి తినడం మానేశాయి. ఆనంద్ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో పనిచేశారు, మనవాళ్లలో తప్పక చెప్పాల్సిన పేరు. అయితే ఆ చోటు గుండానే డోపమైన్ తీగలు వెళతాయని తర్వాత తేలింది. తెగిన వాటిలో అవీ ఉన్నాయి. పైన చెప్పిన తిండి ముట్టని ఎలుకలు గుర్తొచ్చాయా? అందుకని "కేంద్రం" కొట్టేసి "ఆ ప్రాంతం దెబ్బతింటే" అని రాయి. ఆనంద్ పేరా తర్వాతే బెర్రిడ్జ్ ఎలుకలను తీసుకురా, చదివేవాడికి ముడి దానంతటదే విడిపోతుంది.

దిద్దాక ఇంకోసారి పంపు.