చెకుముకి రాయిలో నత్తలు: నేలవా, నీటివా?

ప్రశ్న: నమస్తే సార్. మాది నిర్మల్ దగ్గర పల్లె. ఘాట్ పైన మా మేనమామ చేను దున్నుతుంటే తెల్లటి గట్టి రాయి ఒకటి బయటపడింది. దాని నిండా బొటనవేలంత నత్తలు. ఇవి వానాకాలం మా పెరట్లో తిరిగే నేల నత్తల్లాంటివేనా? రాయి పగలగొట్టి బయటికి తీయమంటారా?
– డిగ్రీ విద్యార్థిని, నిర్మల్ జిల్లా

జవాబు: ముందు సుత్తి పక్కన పెట్టు తల్లీ. నీకు దొరికింది మామూలు రాయి కాదు.

హనుమకొండలో ఏళ్ల తరబడి భూగర్భశాస్త్రం చెప్పినవాణ్ని. మా వరంగల్ చుట్టూ ఎక్కువగా గ్రానైటే, అందులో శిలాజాలు వెతకడం దండగ. గోదావరి దాటి మీ ఘాట్ ఎక్కితే దక్కన్ లావా పొరలు కనిపిస్తాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి సంగతి. ఒక లావా పొర చల్లారాక మరొకటి వచ్చేలోపు వేల ఏళ్ల ఎడం దొరికేది. ఆ ఎడంలో పల్లపు చోట్ల వాననీళ్లు నిలిచి చెరువులయ్యాయి, వాటిలో నత్తలు పెరిగాయి. నీళ్లలో కరిగిన సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) అడుగు బురదలోకి, గుల్లల్లోకి ఇంకి చెకుముకి రాయిగా గట్టిపడింది. ఆపైన మళ్లీ లావా కప్పేసింది.

నేలదా, నీటిదా అంటే ఇలా చూడు. మొన తేలిన కొస పైకి, నోరు, అంటే నత్త బయటికి వచ్చే రంధ్రం, నీవైపు ఉండేలా పట్టుకో. నోరు ఎడమవైపు ఉంటే అది చాలామటుకు ఫైసా, అంటే నిలవ నీటి నత్త. మన దగ్గర నేల నత్తల్లో ఎక్కువవాటికి నోరు కుడివైపే. ఒక్క జాగ్రత్త: రాయిలో నత్త ఉబ్బెత్తుగా కాకుండా గుంటలా ఉంటే అది గుల్ల బయటి అచ్చు, కుడిఎడమలు తారుమారవుతాయి. తడి గోధుమపిండి ముద్ద అందులో మెల్లగా నొక్కి తీసి, ఆ ముద్దను చూడు.

మీ నిర్మల్ కొండల నత్తలకు పెద్ద చరిత్రే ఉంది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన మాల్కమ్‌సన్ 1830లలో ఈ దారిన వెళుతూ వీటిని సేకరించాడు. 1840లో ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త సోవర్బీ వాటిలో ఒకదానికి ఫైసా ప్రిన్సెపీ అని పేరు పెట్టాడు. అశోకుడి బ్రాహ్మీ శాసనాలు చదివిన జేమ్స్ ప్రిన్సెప్ పేరు మీద అన్నమాట. ఇప్పటి ఫైసాల కన్నా అది చాలా పెద్దది. నువ్వు చెప్పిన సైజు చూస్తే నాకు అదే గుర్తొస్తోంది.

ఈ పొరల్లో నీటి నత్తలే ఎక్కువ, నేల నత్తలు అరుదు. చచ్చిన నేల నత్త గుల్లలో గాలి ఉంటే వాన వరదకు తేలుకుంటూ చెరువులోకి వచ్చేస్తుంది. అలా వచ్చిన నేల నత్త ఒక్కటి దొరికినా నాకు పండగే. చెరువులో ఏముందో ఫైసా చెబితే, గట్టు మీద ఏముందో అది చెబుతుంది. డైనోసార్ ఎముకల కోసమే అందరూ ఎగబడతారు గానీ, ఆనాటి నీళ్ల తీరు తెలియాలంటే నత్తలనే అడగాలి.

చెకుముకి పగిలితే పెంకులు పెంకులుగా లేస్తుంది, నత్త కూడా దాంతోపాటే చీలిపోతుంది. మెత్తటి బ్రష్షుతో, నీళ్లతో కడుగు చాలు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయి. చేనులో ఏ మూల, ఎంత లోతున దొరికిందో మీ మామను అడిగి ఇవాళే చీటీ మీద రాసి రాయితోపాటే ఉంచు. ఆ వివరాలు లేకపోతే రాయి ఎంత బాగున్నా పరిశోధనకు పెద్దగా పనికిరాదు. కాలేజీలో జియాలజీ మేడమ్ ఉంటే చీటీతో సహా ఆమెకు చూపించు.