ఆసుపత్రికి 30 లక్షలు: ఇప్పుడే ఇవ్వాలా, వీలునామాలో రాయాలా?

ప్రశ్న: నాకు 67 ఏళ్లు, మా ఆవిడకు 63. పింఛను, వడ్డీలు కలిపి ఏడాదికి 14 లక్షల దాకా వస్తాయి. బ్యాంకు డిపాజిట్లు 70 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 25 లక్షలు ఉన్నాయి. సొంత ఇల్లు, ఒక ఖాళీ స్థలం కూడా ఉన్నాయి. పిల్లలిద్దరూ అమెరికాలోనే ఉంటున్నారు. పెద్దవాడికి అక్కడి పౌరసత్వం వచ్చింది. ఒక ట్రస్టు ఆసుపత్రిలోని పిల్లల వార్డుకు 30 లక్షలు ఇవ్వాలనుకుంటున్నాం. ఒకేసారి ఇస్తే పన్ను కలిసొస్తుందా? వీలునామాలో రాస్తే మేలా? పిల్లలు కూడా కొంత వేస్తామంటున్నారు.

జవాబు: ముందు పన్ను సంగతి తేల్చేద్దాం. ట్రస్టు ఆసుపత్రులకిచ్చే విరాళంలో సాధారణంగా సగానికే ఆదాయపు పన్ను చట్టంలోని 80జీ సెక్షన్ కింద మినహాయింపు వస్తుంది. ఆ సగాన్ని కూడా మొత్తం విరాళం మీద లెక్కించరు, మీ ఆదాయంలో పది శాతం వరకే చూస్తారు. 14 లక్షల్లో పది శాతం 1.40 లక్షలు, అందులో సగం 70 వేలు. 30% శ్లాబులో సెస్సుతో కలిపి మీకు ఆదా అయ్యే పన్ను 21,840 రూపాయలు. 1.40 లక్షలిచ్చినా ఇంతే, 30 లక్షలిచ్చినా ఇంతే. మిగిలిపోయిన విరాళాన్ని వచ్చే ఏడాది లెక్కలో చూపించుకోవడానికి వీల్లేదు.

అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. కొత్త విధానంలో 80జీ లేదు. మిగతా మినహాయింపులు పక్కన పెట్టి 2025-26 శ్లాబులతో చూస్తే, 14 లక్షల మీద కొత్త విధానంలో మీ పన్ను 93,600. పాత విధానంలో సీనియర్ సిటిజన్ శ్లాబులు వేసి, 80జీ కింద 70 వేలు తగ్గించాక కూడా 2,17,360 అవుతుంది. విరాళం రసీదు ఉంది కదా అని పాత విధానంలోకి వెళ్తే లక్షకు పైగా చేతి నుంచి పోతుంది. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. అందరికీ అలవాటైన పాత పేర్లే ఇక్కడ వాడుతున్నాను.) వీలునామా ద్వారా వెళ్లే సొమ్ముకు 80జీ ఎలాగూ వర్తించదు. మన దేశంలో వారసత్వ పన్ను 1985లోనే పోయింది కాబట్టి అటు వైపు తప్పించుకోవాల్సిన పన్ను కూడా లేదు. అంటే మీ నిర్ణయానికి పన్ను ఆధారం కాకూడదు. మీకు ఆ డబ్బు అవసరం పడుతుందా, ఆసుపత్రికి అది ఏ రూపంలో పనికొస్తుంది, ఈ రెండే చూడండి.

ఇచ్చిన విరాళం తిరిగి రాదు. ఈ వయసులో ఇద్దరిలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఆరోగ్య బీమా పోను చేతి నుంచి పెట్టుకోవాల్సింది చాలా ఉంటుంది. ఇంట్లో మనిషిని పెట్టుకుంటే నెలనెలా ఇంకో ఖర్చు. అందుకే 30 లక్షలూ ఇప్పుడే ఇవ్వొద్దంటాను. 10 లక్షలు మీ జీవితకాలంలో, 20 లక్షలకు సరిపడా వాటా వీలునామాలో ఇవ్వండి.

ఆ 10 లక్షలు ఎలా ఇవ్వాలన్నది కాస్త ఆలోచించాల్సిన విషయం. మనవాళ్లకు 'శాశ్వత నిధి' మీద మోజెక్కువ. అసలు కదలకూడదు, వడ్డీతోనే సేవ జరగాలి అంటారు. 7% వడ్డీ అనుకుంటే 10 లక్షల మీద ఏడాదికి 70 వేలు. ధరలు ఏటా 6% పెరిగితే, ఇరవై ఏళ్ల తర్వాత ఆ 70 వేలతో ఈ రోజు 22 వేలకు వచ్చేంత మందులే వస్తాయి. శిలాఫలకం మీద పేరుంటుంది, వార్డులో పని జరగదు. అదే 10 లక్షలను మీ పేరునే ఓ డిపాజిట్‌లో ఉంచి, అసలూ వడ్డీ కలిపి పదిహేనేళ్లలో అయిపోయేలా ఇస్తే ఏటా దాదాపు 1.10 లక్షలు ఇవ్వొచ్చు. వడ్డీ మీద పన్ను మీరే కట్టుకోవాలి, అదొక్కటే లోటు. కానీ పగ్గాలు మీ చేతిలో ఉంటాయి. ఆసుపత్రి యాజమాన్యం మారినా, పిల్లల వార్డు మూసేసినా మరుసటి ఏడాది నుంచి ఆపేయొచ్చు. మొదటి రెండేళ్లూ వాళ్లు లెక్క చెప్పే తీరు చూస్తే, వీలునామాలో 20 లక్షలు రాయాలా వద్దా అన్నది కూడా తేలిపోతుంది.

ఈ ఏటేటి సొమ్మును యంత్రాలకు కట్టిపడేయకండి. దాతలందరూ యంత్రమే కొనిస్తామంటారు. దాని వార్షిక మరమ్మతు ఒప్పందానికి, అందులో వాడే సామగ్రికి, నడిపే టెక్నీషియన్ జీతానికి ఎవరూ ఇవ్వరు. వారంటీ తీరిన ఇంక్యుబేటర్లు నిధుల్లేక మూలన పడి ఉండడానికి కారణం ఇదే. 'పిల్లల వార్డులో పేద రోగుల చికిత్స, మందులు, పరికరాల నిర్వహణ' అని కాస్త వెడల్పుగా రాసివ్వండి. యంత్రాన్నే కొని అప్పగిస్తే, వస్తురూపంలో ఇచ్చినదానికి 80జీ వర్తించదు. 2,000 రూపాయలు దాటిన నగదుకూ వర్తించదు. చెక్కు గానీ, బ్యాంకు బదిలీ గానీ చేయండి.

చెక్కు రాసే ముందు ఆసుపత్రి ఎవరి పేరున ఉందో చూడండి. బోర్డు మీద పేరు ఒకటి, ట్రస్టు పేరు ఇంకొకటి ఉండడం మామూలే. ట్రస్టు డీడ్, పాన్, 12ఏబీ నమోదు (ధర్మసంస్థగా ఆదాయపు పన్ను శాఖలో నమోదు), 80జీ ఆమోద ఉత్తర్వు నకళ్లు అడిగి తీసుకోండి. 80జీ ఆమోదం ఇప్పుడు శాశ్వతం కాదు. తాత్కాలికమైతే మూడేళ్లు, మామూలుదైతే ఐదేళ్లు, ఆ తర్వాత పునరుద్ధరించుకోవాలి. గడువు తేదీ చూడకపోతే రసీదు చిత్తు కాగితమే. రసీదు ఒక్కటే చాలదు కూడా. ట్రస్టు ఆదాయపు పన్ను శాఖకు దాతల వివరాలు దాఖలు చేసి, ఫారం 10బీఈగా ఇస్తూ వచ్చిన ధ్రువపత్రం మీకివ్వాలి. గుప్తదానం చేద్దామనుకుంటే, శిలాఫలకం మీద పేరు వద్దని చెప్పండి గానీ రికార్డుల్లో పేరు, చిరునామా మాత్రం ఉండనివ్వండి. దాత వివరాలు లేని విరాళాలు ఒక పరిమితి దాటితే ట్రస్టు వాటి మీద 30% పన్ను కట్టాల్సి వస్తుంది.

ఇక వీలునామా. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. 'ఫలానా బ్యాంకులో ఫలానా నంబరు ఎఫ్‌డీ ఆసుపత్రికి' అని ఎప్పుడూ రాయొద్దు. అది గడువు తీరి మీరు వేరే బ్యాంకులో వేసుకుంటే, మీరు పోయేనాటికి ఆ ఎఫ్‌డీ ఉండదు, ఆ కానుకా ఉండదు. 'నా మరణం నాటికి నా పేరున ఉన్న బ్యాంకు డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లలో 25 శాతం' అని వాటాగా రాయండి. దానివల్ల మీ వైద్య ఖర్చులకు ఆస్తి కొంత కరిగినా ఆసుపత్రి భాగం తనంత తానే తగ్గుతుంది, మీ ఆవిడ మీద భారం పడదు. ట్రస్టు పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పాన్ రాయండి. ఆ ట్రస్టు మరో సంస్థలో కలిసిపోతే లేదా మూతపడితే ఎవరికివ్వాలో కూడా రాయండి.

ఆ సొమ్ము కార్పస్‌కే (ట్రస్టు మూలనిధికే) చెందాలనుకుంటే ఆ మాట వీలునామాలోనే ఉండాలి. తర్వాత ఉత్తరం రాసివ్వడానికి మీరుండరు కదా. కార్పస్ అని రాతపూర్వకంగా చెప్పకపోతే దాన్ని ట్రస్టు ఆ ఏటి ఆదాయంగానే చూపాలి, 85 శాతం ఆ ఏడాదే ఖర్చు చేయాలి, లేదా కూడబెట్టుకుంటామని విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంకో సంగతి. 'కార్పస్' అన్నంత మాత్రాన అసలు ముట్టుకోకూడదని అర్థం కాదు. ట్రస్టు దాన్ని భవనానికి వాడుకోవచ్చు. వద్దనుకుంటే 'అసలు ఖర్చు చేయరాదు. వడ్డీలో మూడో వంతు తిరిగి అసలులో కలపాలి' అని స్పష్టంగా రాయండి. ఆ అవసరమే తీరిపోతే దానికి దగ్గరి ప్రయోజనానికి వాడే అధికారం ధర్మకర్తలకు ఇవ్వండి, లేకపోతే ఆ వెసులుబాటు కోసం వాళ్లు కోర్టుకెక్కాలి.

సాక్షులు ఇద్దరుండాలి. ఆసుపత్రి వాళ్లెవరూ సాక్షులుగా గానీ, ఎగ్జిక్యూటర్‌గా (వీలునామాను అమలు చేసే మనిషిగా) గానీ ఉండకపోవడమే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి, గొడవలు తగ్గుతాయి. బ్యాంకు డిపాజిట్‌కు నామినీగా వ్యక్తులనే పెట్టాలి, ఆసుపత్రిని పెట్టలేరు. నామినీ మీ ఆవిడే ఉండనివ్వండి. నామినీ సొమ్ము అందుకునే మనిషి మాత్రమే, హక్కు ఎవరిదో వీలునామా చెబుతుంది. ఈ తేడా ఆమెకు ఇప్పుడే చెప్పి ఉంచండి, లేకపోతే ఎగ్జిక్యూటర్ వచ్చి అడిగిన రోజు మనసు కష్టపెట్టుకుంటారు.

ఇల్లు మీ ఆవిడ జీవితాంతం అనుభవించి తర్వాత ఆసుపత్రికి చెందాలని రాద్దామని చాలామందికి అనిపిస్తుంది. హిందూ కుటుంబాల్లో ఇందులో పెద్ద చిక్కుంది. భార్యకు పోషణ హక్కు ముందే ఉంది కాబట్టి, దానికి బదులుగా ఇచ్చిన పరిమిత హక్కు హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద సంపూర్ణ హక్కుగా మారొచ్చు. 1977లో తులశమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అలా మారితే ఆమె తదనంతరం ఇల్లు ఆమె వారసులకు వెళ్తుంది. మీకు ఆ ఉద్దేశం ఉంటే ఆమె చేత కూడా అదే మాటతో విడిగా వీలునామా రాయించండి, లేదా ఆ ఆస్తిని ప్రైవేటు ట్రస్టులో పెట్టడం గురించి సివిల్ న్యాయవాదితో మాట్లాడండి. పిత్రార్జితంలో మీ వాటా మేరకే రాయగలరు. ముస్లిం పాఠకులు వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి రాయలేరు.

ఖాళీ స్థలాన్ని అమ్మి ఆ డబ్బు ఇవ్వాలనుకుంటే దీర్ఘకాల మూలధన లాభం మీద 12.5% పన్ను ముందే పోతుంది. 2024 జులై 23కి ముందు కొన్నదైతే ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూపడం) 20% పద్ధతిలోనూ లెక్కించి ఏది తక్కువైతే అది కట్టొచ్చు. స్థలాన్నే రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో ఇస్తే ఆ పన్ను మీకుండదు. కానీ స్టాంపు డ్యూటీ ఉంటుంది, మీరు బతికుండగానే ట్రస్టు స్వీకరించి ఉండాలి. ఆసుపత్రికి ఆ స్థలంతో పని లేకపోతే అమ్మడం వాళ్లకో తలనొప్పి. ముందు అడిగి చూడండి.

పిల్లల సంగతి. భారతీయ పాస్‌పోర్టు ఉన్న చిన్నబ్బాయి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పెద్దబ్బాయి అమెరికా పౌరుడు కాబట్టి, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే కార్డు) ఉన్నా అతను పంపేది విదేశీ విరాళమే. ఆసుపత్రి ట్రస్టుకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు ఉండాలి, డబ్బు న్యూఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ట్రస్టుకున్న ఎఫ్‌సీఆర్ఏ ఖాతాలోనే పడాలి. ఎఫ్‌సీఆర్ఏ నమోదు లేని ట్రస్టు మామూలు ఖాతాలో అతని డబ్బు వేస్తే ఇరుక్కునేది ఆసుపత్రే. మీ ఖాతాకు పంపించి మీ చేత ఇప్పిద్దామన్న ఆలోచన కూడా వద్దు. ఆసుపత్రికి నమోదు లేకపోతే ఆ డబ్బు మీ ఇద్దరి వైద్య అవసరాలకు అట్టిపెట్టమనండి, అప్పుడు మీ సొంత డిపాజిట్లలోంచి ఇంకాస్త ధైర్యంగా ఇవ్వగలరు.