కోడ్ 12 వస్తే డ్రైవర్ మార్చడం కాదు, స్లాట్ మార్చు

తమ్ముడూ, దేవరకొండలో మీ నాన్న షాపులో ఉన్న పాత పెంటియం 3 కంప్యూటర్‌కి లాన్ కార్డు (నెట్‌వర్క్ కేబుల్ తగిలించేది) పెట్టగానే సౌండ్ పోయిందని, డ్రైవర్ మూడుసార్లు వేసినా పసుపు గుర్తు పోవట్లేదని రాశావు. టెన్షన్ పడకు. డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో కంప్యూటర్ భాగాలన్నీ చూపించే జాబితా) కోడ్ 12 అని ఉందన్నావు కదా, అసలు సంగతి అదే. డ్రైవర్ లేకపోతే కోడ్ 28 వస్తుంది. 12 అంటే కార్డుకు కావలసిన ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ను పిలవడానికి ఒక్కో భాగం వాడే లైను నంబరు) లాంటివి ఖాళీగా దొరకలేదని అర్థం. ఆ కాలం బోర్డుల్లో ఐఆర్‌క్యూలు 0 నుంచి 15 వరకే. కీబోర్డుకు 1, కామ్ పోర్టులకు (పాత మౌస్, మోడెమ్ తగిలించేవి) 4, 3, ప్రింటర్ పోర్టుకు 7 ముందే పోతాయి.

కరెంటు ప్లగ్ పీకేసి లాన్ కార్డు బయటికి తియ్యి. దాని అంచున మెరిసే పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దు, మన దగ్గర ఎండాకాలం దుమ్ము ఎట్లుంటదో తెలుసు కదా. ఏజీపీ (డిస్‌ప్లే కార్డు పెట్టే స్లాట్) పక్క స్లాట్ వదిలేసి కింది దాంట్లో పెట్టు. చాలా బోర్డుల్లో ఆ పక్క స్లాట్, డిస్‌ప్లే కార్డు ఒకే ఐఆర్‌క్యూ పంచుకుంటాయి. తర్వాత బయోస్‌లో (విండోస్ రాకముందే తెరిచే సెట్టింగ్స్) వాడని రెండో కామ్ పోర్టు, అంటే కామ్ 2ని డిజేబుల్ చెయ్యి. నల్లగొండలో నా దగ్గరికొచ్చిన ఇలాంటి సిస్టమ్‌లో ఈ ఒక్క పనితోనే సౌండ్ తిరిగొచ్చింది.

చివరగా డివైస్ మేనేజర్‌లో లాన్, సౌండ్ రెండు కార్డులనూ అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చెయ్యి. అప్పటికీ గుర్తు ఉంటే రిసోర్సెస్ ట్యాబ్ ఫొటో పెట్టు, చూస్తాను.